మూడుదోవల సమాధానం

అల్లూరు రోడ్డు మీద గ్యాంగు కూలీగా పనిచేసిన సమాధానానికి ఉన్నవి రెండే: మూడు మైళ్ళ రోడ్డు, ఒక్క కూతురు. కూతురు నవోమికి ఏడో ఏడు నడుస్తుండగా భార్య రెబెక్కమ్మ విషజ్వరంతో పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని చర్చి సంఘంలో పెద్దలు చెప్పి చూశారు. అతను విని, తలూపి, పార భుజాన వేసుకుని రోడ్డు మీదికి పోయేవాడు. మాట తక్కువ మనిషి. పేరుకు సమాధానమే గానీ ఏదడిగినా సమాధానం రాదని పాలెంలో ఎగతాళి చేసేవాళ్ళు. అతను దానికీ సమాధానం చెప్పేవాడు కాదు.

రోడ్డు కూలీ పని చూసేవాళ్ళకు సులువు. బండి చక్రాలు పక్కలకు చిమ్మిన గ్రావెలును పొడుగుకర్ర చీపురుతో మళ్ళీ నడుమకు ఊడ్చాలి. గుంతలు పూడ్చి దిమ్మిస కొట్టాలి. వార గడ్డి చెక్కాలి. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్ళీ చెదిరిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ పని చేసి కూడా విసుక్కోని మనిషిని నేనైతే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. సమాధానం మాత్రం తన మూడు మైళ్ళలో ఏ రాయి ఎక్కడుందో చెప్పగలిగేవాడు.

ఆ మూడు మైళ్ళకు సరిగ్గా నడుమ, సముద్రపు పల్లెల నుంచి వచ్చే ఇసకదోవ ఒకటి కంకరరోడ్డులో కలుస్తుంది. దాన్ని మూడుదోవలు అంటారు. తూర్పుకు పోతే అల్లూరు, పడమరకు పోతే సమాధానం ఉండే పాలెం, ఆ పైన కొడవలూరు. కూడలి దగ్గర ఇల్లు లేదు, అంగడి లేదు. ఒక పక్క వరిమళ్ళు, ఇంకో పక్క తాటితోపు. తోపులో గాలి ఆగదు. ఎండుమట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు పగలు వింటే మట్టల చప్పుడే. పొద్దు గూకాక వింటే ఎవరో గోనెసంచి ఈడ్చుకుంటూ వెనకాలే వస్తున్నట్టు ఉంటుంది.

1958 ఎండాకాలంలో అక్కడ మొదటి చావు జరిగింది. సముద్రపు పల్లె చిన్నపోలయ్య చేపల కావడితో ఇసకదోవలో నుంచి రోడ్డెక్కుతూ లారీ కింద పడ్డాడు. కళ్ళలో ఎండ పడి మనిషి కనపడలేదని డ్రైవరు నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. తొమ్మిదో నాడు చిన్నపోలయ్య పెళ్ళాం గురవమ్మ వచ్చి, మొగుడు పడినచోట గుమ్మడికాయ పగలగొట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కూడలిలో దిష్టి వదిలిపెట్టినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. చూసినా పలికినా వదిలిపెట్టింది మళ్ళీ వెంట వస్తుంది. ఆ సీమలో ఈ సంగతి తెలియని మనిషి ఉండడు, ఏ దేవుణ్ణి కొలిచేవాడైనా సరే.

అప్పటిదాకా దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయలూ ఎవరి వీధి మొదట్లో వాళ్ళు పారబోసుకునేవాళ్ళు. ఇప్పుడు అందరి దిష్టీ మూడుదోవలకు రావడం మొదలైంది. అకాలంగా చచ్చినవాడు కాచుకున్న చోటైతే దిష్టిని గబుక్కున లాగేసుకుంటుందని ఎవరో అన్నారు. ఎవరన్నారని అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. బిడ్డ పాలు తాగకపోతే మూడుదోవలు, గేదె తన్నితే మూడుదోవలు, కొత్త బండి కొంటే మూడుదోవలు. పొద్దు గూకాక ఎవరూ చూడకుండా వచ్చి పెట్టిపోయేవాళ్ళు. తెల్లారేసరికి రోడ్డు నడుమ కుంకుమ పూసిన గుమ్మడికాయలు, సగానికి కోసిన నిమ్మకాయలు, కోడిగుడ్లు, గుడ్డమూటలు. పెట్టిన మనిషి ఒక్కరూ కంటపడేవారు కాదు.

తరవాత రెండేళ్ళలో ఇంకా నలుగురు పోయారు. వడ్లబండి తోలుతున్నవాడొకడు, సైకిళ్ళ మీద పోతున్నవాళ్ళిద్దరు, రోడ్డు వార నడుస్తున్న ఒక ముసలామె. పట్టపగలే, తిన్నని రోడ్డు మీదే. బతికి బయటపడ్డ బండివాళ్ళు అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు: ఏదో పట్టి చక్రాన్ని పక్కకు లాగినట్టయింది అని. అందరూ కూడలిలో ఒకే వైపు పడ్డారు, పాలెం వైపు పోయేటప్పుడు ఎడమ వారకు. చావు జరిగిన ప్రతిసారీ మరునాడు గుమ్మడికాయలు రెట్టింపయ్యేవి.

రోడ్ల ఓవర్సీరు జయరామయ్య వచ్చి టేపు పట్టించి కొలిచాడు. వెడల్పు సరిపోయింది, వాలు సరిగ్గా ఉంది, రెండు ఫర్లాంగుల నుంచి కూడలి కనపడుతోంది.

"ఏమయ్యా సమాధానం, నీ రోడ్డులో ఏ లోపమూ లేదే. జనం ఈడనే ఎందుకు చస్తుండారు?"

"తెలవదయ్యా."

"నీకేమన్నా కనపడిందా ఎప్పుడైనా?"

"లేదయ్యా" అన్నాడు సమాధానం. అన్నాడే గానీ ఓవర్సీరు సైకిలెక్కి పోతూ ఆ చోటును చుట్టి తిరిగిపోవడం చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు అక్కడ ఒక ఎండిన నిమ్మచెక్క తప్ప ఏమీ లేదు.

పదిరోజులకు ఓవర్సీరు బోర్డు ఒకటి పాతించాడు. తెల్లపలక మీద నల్లటి అక్షరాలతో "నిదానము" అని రాయించాడు. ఎంతో మంచి ఆలోచన. పక్షం తిరక్కుండా ఆ పలకకు ఎవరో పసుపు పూశారు. అందులో ఏం రాసుందని ఆడవాళ్ళు అడిగితే, కూడబలుక్కుని చదివే వెంకటశేషమ్మ అనే కోడలుపిల్ల, పసుపు కింద సగం కప్పుకుపోయిన చివరి అక్షరాన్ని చూసి, "నిదానమ్మ" అని చదివింది. అంతే. నిదానమ్మకు బొట్టు పెట్టారు, గాజులు తగిలించారు, ఎదురుగా రోడ్డు మీద కొబ్బరికాయలు కొట్టారు. ఓవర్సీరు ఆఫీసు ఖర్చుతో కొత్త దేవతను నిలబెట్టి పోయినట్టయింది.

నిదానమ్మ వెలిసిన నెలకే తిమోతి పంతులు పోయాడు. అల్లూరు మిషను బడిలో పాఠాలు చెప్పేవాడు, దిష్టి మాటెత్తితే పకపకా నవ్వేవాడు. అతని సైకిలు కూడా ఎడమ వారకే తిరిగింది, వెనక వస్తున్న బండి కిందికే పోయింది. దేవుణ్ణి నమ్మినవాణ్ణి కూడా వదల్లేదే అని పాలెంలో గుసగుసలు పోయాయి. సమాధి దగ్గర పాట పాడుతూ జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తిమోతి పంతులు ఖాళీ చేసిన ఉద్యోగం నవోమికి వచ్చింది.

ట్రైనింగు పాసై ఇంట్లో కూచున్న పిల్ల. ఆమె నియామకం కాగితం పట్టుకుని గంతులేస్తే, సమాధానం గోడకు ఆనుకుని కూచుండిపోయాడు. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె మూడుదోవలు దాటాలి. వద్దందామంటే కారణం ఏం చెప్పాలి? దయ్యానికి భయపడుతున్నానని ఆదివారం బైబిలు చదివే పిల్లకు ఎలా చెప్పాలి? ఉదయం ఆమె వెనక నలభై గజాల దూరంలో పార పట్టుకుని నడిచేవాడు. సాయంత్రం కూడలి దగ్గర గడ్డి చెక్కుతూ కాచుకునేవాడు. అక్కడ చెక్కడానికి గడ్డి మిగలకపోయినా చెక్కుతూనే ఉండేవాడు.

1960 అక్టోబరులో ఒక సాయంత్రం. రెండు రోజులుగా పట్టిన వాన అప్పుడే వెలిసింది. నవోమి బడి నుంచి గొడుగు మూసుకుని రోడ్డు వార వస్తోంది. వెనక అల్లూరు నుంచి నెల్లూరు పోయే సర్వీసు బస్సు వస్తోంది. సమాధానం పార ఆపి చూస్తున్నాడు. తిన్నగా వస్తున్న బస్సు కూడలి దగ్గర ఉన్నట్టుండి ఎడమకు తిరిగింది. నవోమి కాలవలోకి దూకింది. ఆమె నిలబడ్డ చోటు మీదుగా చక్రం పోయింది. గొడుగు చక్రం కింద పడి చితికిపోయింది.

డ్రైవరు హజరత్తయ్య బస్సు ఆపి దిగాడు. మంచివాడే, పదేళ్ళుగా ఆ రోడ్డు మీద తోలుతున్నవాడు.

"ఎందుకు తిప్పినావు?" అన్నాడు సమాధానం.

"గుమ్మడికాయ ఉండాది గదన్నా. దాని మింద చక్రం పోనిస్తే బండి ఇల్లు చేరదు."

"యాడుంది?"

హజరత్తయ్య వెనక్కి తిరిగి వేలు చూపించబోయి ఆగిపోయాడు. రోడ్డు కడిగినట్టు ఉంది. రెండు రోజుల వానకు అక్కడున్నవన్నీ ఎప్పుడో కాలవలోకి కొట్టుకుపోయాయి.

"నాకు కనపడిందన్నా" అన్నాడు హజరత్తయ్య నెమ్మదిగా. "నా బిడ్డల సాక్షిగా కనపడింది."

తోపులో మట్టలు రాసుకుంటున్నాయి. సమాధానం కూతురి చెయ్యి పట్టుకుని కాలవలో నుంచి పైకి లాగాడు. ఇంటికి చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మరునాడు తెల్లవారకముందే లేచి మూడుదోవలకు పోయాడు. పోయి ఏం చేయాలో అతనికే తెలియదు. వెలుగు వచ్చేదాకా దూరంగా నిలబడ్డాడు. వెలుగు వచ్చాక తడిరోడ్డు మీద చక్రాల గాడి కనపడింది. అల్లూరు నుంచి వచ్చిన ప్రతి బండి గాడీ తిన్నగా వచ్చి, ఒకేచోట ఎడమకు వంగి, ఏమీ లేని ఒక చోటును చుట్టి, మళ్ళీ తిన్నగా పోయింది. బండ్లు, సైకిళ్ళు, లారీ, అన్నీ. ఆ గాడుల నడుమ గుండ్రంగా, ఒక మనిషి బాసిపట్టు వేసుకుని కూచుంటే ఎంత పడుతుందో అంత చోటు ఖాళీగా ఉంది. సమాధానం కీర్తన మొదలుపెట్టాడు, మొదటి చరణం తరవాత మాటలు గుర్తుకు రాలేదు.

భయపడుతూనే దగ్గరికి పోయి వంగి చూశాడు. అప్పుడు తెలిసింది. ఆ గుండ్రటి చోటులో గ్రావెలు లేదు. చుట్టూ ఉంది, లోపల లేదు. కింది మట్టి బయటపడి నున్నగా, కాస్త పల్లంగా ఉంది. గ్రావెలు ఊడ్చేది ఎవరు? తనే. మూడు మైళ్ళలో రాయి రాయీ ఎరిగినవాడు, ఈ రెండున్నర ఏళ్ళలో ఆ ఒక్క చోట చీపురు వేయలేదు. దిష్టి మీద చీపురు పడకూడదని ఎవరూ చెప్పకుండానే అతని చెయ్యి పక్కకు పోయింది. దిష్టి ఉన్నప్పుడు చుట్టి ఊడ్చాడు, లేనప్పుడూ అలవాటుగా చుట్టి ఊడ్చాడు. మధ్యన ఉన్న బోడిచోటును చూసి ఎద్దులు వంగాయి, ఎద్దుల గాడి చూసి సైకిళ్ళు వంగాయి, అన్నిటినీ చూసి బస్సు వంగింది. వంగిన ప్రతిదీ రోడ్డు వార నడిచే మనిషి మీదికి వంగింది. తిమోతి పంతులు కూడా నవ్వుతూనే వంగి ఉంటాడు.

అక్కడ ఏమీ లేదు. లేనిదాన్ని చీపురుతో గుండ్రంగా గీసి కూచోబెట్టింది తనే. ఆ ఆలోచనకు సమాధానం వడగొట్టినట్టు అయిపోయి రోడ్డు మీదే కూచున్నాడు. దయ్యమే అయి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

ఆ రోజే ఆ చోటులో రెండు గంపల గ్రావెలు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టాడు. కొట్టిన ప్రతి దెబ్బకూ కింద బోలుగా మోగినట్టు వినపడింది. వినపడినా ఆపలేదు. సాయంత్రం మళ్ళీ ఎవరో గుమ్మడికాయ పెట్టిపోయారు. మరునాడు తెల్లవారుజామున, మొదటి బస్సు రాకముందు, సమాధానం దాన్ని రెండు చేతులా ఎత్తాడు. పుచ్చిన వాసన. కుంకుమనీళ్ళు మోచేతుల దాకా కారాయి. తోపులోకి మోసుకుపోయి గుంత తవ్వి పూడ్చాడు. తరవాత గుడ్లు, తరవాత మూటలు. ఒక మూటలో పసిబిడ్డ వెంట్రుకలున్నాయి. ఇంకోదానిలో ఏదో మెత్తగా చేతికి తగిలింది, విప్పి చూడలేదు. తోపులో నుంచి తిరిగి వస్తుంటే వెనక ఎవరో నడిచినట్టయింది. తను ఆగితే అదీ ఆగింది. ఒక్కసారి తిరిగి చూస్తే తేలిపోయేదే, అయినా సమాధానం తిరిగి చూడలేదు. ఆ రోజు కాదు, ఐదేళ్ళ పాటు ఏ రోజూ చూడలేదు. అక్కడ ఏమీ లేదని ఆ సీమ మొత్తం మీద తెలిసిన ఒకే ఒక్క మనిషి కూడా చూడలేదు.

కూడలి పక్క మడి గల పెంచలమ్మ ఒక తెల్లవారుజామున అతణ్ణి చూసేసింది. రోజూ పనివేళ అతని గ్లాసులో మజ్జిగ పోసి రెండు మాటలు మాట్లాడే మనిషి.

"అదేం పనన్నా, ఊరందరి పీడా చేత్తో ఎత్తుతుండావు?"

"రోడ్డు మింద ఉండేది ఏదైనా ఎత్తడమే నా పనమ్మా."

"అది నిన్ను పట్టుకుంటే?"

"పట్టుకునేదానికి ఆడేమీ లేదమ్మా."

ఆ రోజు నుంచి పెంచలమ్మ మజ్జిగచెంబు గట్టు మీద పెట్టి తను దూరంగా పోయేది. మాట నాలుగు పల్లెలకు పాకడానికి వారం పట్టలేదు. ఒకపక్క కూడలిలో చావులు ఆగిపోయాయి. నెల గడిచింది, ఆరు నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, ఎవరికీ కాలు కూడా మడతపడలేదు. జనం దానికి చెప్పుకున్న కారణం ఒకటే: మూడుదోవల్లో ఉన్నది అక్కణ్ణుంచి లేచి సమాధానం మీద కూచుంది. ఓవర్సీరు మాత్రం తన బోర్డు వల్లనే ప్రమాదాలు తగ్గాయని పైకి రాశాడు. అందుకాయనకు మంచి పేరొచ్చింది.

సమాధానం ఎదురొస్తే తల్లులు బిడ్డల ముఖాలు పైటలో దాచేవాళ్ళు. బండివాళ్ళు, ఇదివరకు గుమ్మడికాయకు వంగినట్టే, ఇప్పుడు అతను రోడ్డు మీద నిలబడితే వంగేవాళ్ళు. అది చూసి అతను బండి వచ్చేటప్పుడు రోడ్డు దిగి మడిలో నిలబడడం నేర్చుకున్నాడు. గుడిలో కానుకపళ్ళెం చేతి నుంచి చేతికి పోతూ అతని దగ్గరికొచ్చేసరికి, సంఘపెద్ద జకరయ్య తనే వచ్చి అందుకుని రెండు బల్లల అవతలికి ఇచ్చేవాడు.

"మాకు నమ్మకం ఉండి కాదు సమాధానం" అన్నాడు జకరయ్య ఒక ఆదివారం, అతని భుజం మీద చెయ్యి వేయబోయి మానుకుని. "పిల్లల తల్లులు బయపడుతుండారు. నువ్వు ఎనక బల్ల మింద కూచుంటే బావుంటది."

సమాధానం వెనక బల్ల మీదికి పోయాడు. దిష్టిని నమ్మం అని చెప్పుకునే జనం మొత్తం తమ వీపులతో అతణ్ణి చూస్తూ పాటలు పాడారు. నాకు ఇప్పటికీ ఆ జకరయ్య మీద కోపం పోలేదు.

ఇవన్నీ సమాధానం ఓర్చుకున్నాడు. రోజూ నలభై గజాల ముందు నవోమి గొడుగు పట్టుకుని క్షేమంగా నడిచిపోతోంది కదా, అదొక్కటే అతనికి కావాల్సింది. కూతురికి నిజం ఒకసారి చెప్పబోయాడు కూడా. "ఆడ ఏమీ లేదమ్మా, నేను గ్రావెలు వెయ్యకనే..." అని మొదలుపెట్టి, చిన్నపోలయ్య తరవాత పోయిన ఐదుగురి చావు నోట్లోకి వచ్చి అడ్డం పడితే ఆపేశాడు. నవోమి అతని చేతుల వైపు చూసింది. గోళ్ళ కింద కుంకుమ ఎంత తోమినా పోవడం లేదు.

1963లో నవోమికి కొడవలూరులో కాంపౌండరుగా పనిచేసే జీవానందంతో పెళ్ళి జరిగింది. పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించి అప్పగించాలి. ఆ పని జకరయ్య చేస్తే బాగుంటుందని పెళ్ళికొడుకువాళ్ళు మెత్తగా చెప్పి పంపారు. నవోమి ఏమైనా అంటుందేమోనని సమాధానం ఒక్క నిమిషం చూశాడు. ఆమె తలొంచుకుంది. సరే అన్నాడు.

కూతురు ఆ కూడలి దాటడం మానేసి వెళ్ళిపోయాక కూడా అతను రోజూ తెల్లవారుజామున పోయి ఎత్తుతూనే ఉన్నాడు. ఇప్పుడు అతనికి ఒకే ఒక్క ఆశ ఉండేది. ఎప్పటికైనా ఒక బిడ్డ పుడుతుంది, పసిబిడ్డకు ఊరి మాటలు తెలియవు, ఆ బిడ్డ తన దగ్గరికి వస్తుంది.

1966 ఫిబ్రవరిలో నవోమి ఏడు నెలల కొడుకును తీసుకుని పదిరోజులుందామని వచ్చింది. బిడ్డ సరిగ్గా పాలు తాగడం లేదు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాడు. సమాధానం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతులు చాచాడు.

"నిద్రపోతుండాడు నాయనా" అంది నవోమి బిడ్డను భుజానికి తిప్పుకుంటూ.

ఆమె భుజం మీదుగా బిడ్డ రెండు కళ్ళూ తెరిచి తాతనే చూస్తున్నాడు. సమాధానం చేతులు దించుకుని, "సరేమ్మా, పడుకోనీ" అన్నాడు. ఆ రాత్రి బిడ్డ ఇంకా ఎక్కువ ఏడ్చాడు. అరుగు మీద పడుకున్న సమాధానానికి లోపల కూతురు అటూ ఇటూ నడవడం తెల్లవార్లూ వినపడింది.

మూడోనాడు తెల్లవారుజామున రోడ్డు మీద పలచగా మంచు. సమాధానం రోజూలాగే పోయి, కూడలి శుభ్రం చేసి, తోపులో పూడ్చి, ఆయాసం వచ్చి ఒక తాటిచెట్టు మొదట్లో కూచున్నాడు. మామూలుగా ఆ వేళకు ఇంటికి తిరిగి పోతుండేవాడు. అప్పుడు మంచులో నుంచి ఒక ఆకారం వచ్చింది.

ముసుగు వేసుకున్న ఆడమనిషి. చంకలో బిడ్డ. ఐదేళ్ళుగా పెట్టిన వస్తువులు చూశాడే గానీ పెట్టేవాళ్ళను ఒక్కసారీ చూడలేదు. సమాధానం చెట్టు చాటుకు జరిగాడు. ఆమె రోడ్డు నడుమ వంగి ఒక గుమ్మడికాయను దించింది. ఉప్పు పిడికిట్లో పట్టి బిడ్డ ముఖం చుట్టూ మూడుసార్లు తిప్పి, ఏదో గొణుగుతూ పారబోసింది. ఆ గొణుగుడులో ఒక ముక్క గాలికి తోపు దాకా వచ్చింది: "మా నాయన చూపు, మా నాయన చెయ్యి..."

నవోమి. తను ఎత్తేసి వెళ్ళిపోయే వేళ చూసుకుని, తన చెయ్యి దీని మీద పడకుండా, తరవాత వచ్చింది. ఒంటరిగా రోడ్డు మీద, పాదిరిగారి చెవిన పడితే ఏమవుతుందో తెలిసి కూడా వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి, పాలెం వైపు, రోడ్డు ఎడమ వారన నడవడం మొదలుపెట్టింది.

అల్లూరు వైపు నుంచి బస్సు చప్పుడు వినపడింది. హజరత్తయ్య తోలే ఆరు గంటల బస్సు. మంచులో రెండు దీపాలు పచ్చగా పెద్దవవుతున్నాయి. సమాధానానికి ఇరవై గజాల ముందు గుమ్మడికాయ, దానికి ముప్పై గజాల అవతల నవోమి వీపు. దీపాల వెలుగు కుంకుమ మీద పడింది. హజరత్తయ్య చెయ్యి ఎటు తిరుగుతుందో అతనికి తెలుసు.

నవోమీ అని అరవబోయాడు. నోరు తెరిచి ఆగాడు. పిలిస్తే ఆమె తిరగదు. దిష్టి వదిలిన ఏ తల్లీ తిరగదు, చక్రం మీదికి వస్తున్నా తిరగదు. అందులోనూ తన గొంతుకు అసలు తిరగదు.

యాభై ఆరేళ్ళ మనిషి తోపులో నుంచి పరుగెత్తాడు. రోడ్డు మీదికి దూకి, గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి గుండెకు అదుముకుని, వచ్చినవైపుకే పడ్డాడు. బస్సు గాలి అతని వీపును కొట్టి పోయింది. తిన్నగా పోయింది. నవోమి పక్కనుంచి, ఆమె ముసుగును ఎగరగొట్టి, తిన్నగా పోయింది. ఆమె ఒక చేత్తో బిడ్డ తల కప్పుకుంది. వెనక్కి చూడలేదు. మంచులో కలిసిపోయేదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

సమాధానం గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వార కూచుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. తరవాత తోపులోకి పోయి ఇంకో గుంత తవ్వాడు.

ఇంటికి చేరేసరికి ఎండ వచ్చింది. నవోమి వాకిట్లో కూచుని ఉంది. ముఖం తేటగా ఉంది.

"బాబు కడుపు నిండా పాలు తాగినాడు నాయనా. ఇన్ని రోజులకు నిమ్మళంగా నిద్రపోయినాడు."

సమాధానం గడప దగ్గర ఆగాడు. లోపల ఉయ్యాలలో బిడ్డ గుప్పిళ్ళు మూసుకుని నిజంగానే నిద్రపోతున్నాడు. మూడుదోవల్లో ఏమీ లేదని అతనికి తెలుసు. తన చేతుల్లో ఏమీ లేదని అతనికి తెలుసు.

"మంచిదమ్మా" అన్నాడు. గడప దాటకుండా, బిడ్డ మీద తన చూపు పడకుండా ముఖం తిప్పుకుని, అరుగు చివరికి పోయి కూచున్నాడు.